మనకు మంచు లేదు, వాన ఉంది: అక్టోబరుకు ముందే టైర్లు ఎందుకు చూసుకోవాలి?

వింజమూరు నుంచి మాట్లాడుతున్నా. వెనకాల ట్రాక్టరు సౌండు వస్తే ఏమీ అనుకోవద్దు, ఇంటి ముందే రికార్డు చేస్తున్నా. ఎందుకంటే ఈరోజు నాకు కావాల్సిన వస్తువులు అన్నీ ఇంటి ముందే ఉన్నాయి. ఒక కారు, నాన్న బైకు, పక్కింటి వాళ్ళ స్కూటీ, గోడకు ఆనించిన ఒక పాత టైరు. ఆ పాత టైరు కథ తర్వాత చెప్తా. దాన్ని పారేయకుండా నాలుగేళ్ళుగా దాచిపెట్టుకున్నా.

ముందు ఈ టాపిక్ ఎందుకు తీసుకున్నానో చెప్తా. బీటెక్‌లో నాతో చదివినవాడు ఇప్పుడు కెనడాలో, మాంట్రియల్‌లో ఉన్నాడు. కారుకు నాలుగు చక్రాలూ ఊడదీసి వేరే నాలుగు చక్రాలు బిగిస్తున్న వీడియో పంపించాడు. "చలికాలం టైర్లు రా, మీకేం, హాయిగా ఉన్నారు" అన్నాడు. దాన్ని నేను స్టేటస్‌లో పెట్టా. అంతే, మన ఏరియా తమ్ముళ్ళు మొదలుపెట్టారు. "అన్నా, మన దగ్గర దొరుకుతాయా? మనం కూడా వేసుకోవాలా? వేస్తే గ్రిప్ బాగుంటదా?" అని.

చిన్న సమాధానం: వద్దు. పెద్ద సమాధానం: అవి వద్దు గానీ, వాళ్ళు చేసే పని మనం కూడా చెయ్యాలి. ఈ ఎపిసోడ్ మొత్తం ఆ పెద్ద సమాధానమే.

వాళ్ళు ఎందుకు మారుస్తారో చూద్దాం. టైరంటే రబ్బరు. రబ్బరుకు చలి తగిలితే గట్టిపడుతుంది. మామూలు టైరు రబ్బరు సుమారు 7 డిగ్రీల కంటే కిందికి వెళ్ళేకొద్దీ బిగుసుకుపోయి రోడ్డును పట్టుకోవడం తగ్గిస్తుంది. చలికాలం టైరులో వాడే రబ్బరు వేరే, అంత చలిలో కూడా మెత్తగా ఉంటుంది. దాని మీద సన్నసన్నని కోతలు వందల్లో ఉంటాయి, అవి మంచును కరిచి పట్టుకుంటాయి. టైరు పక్కగోడ మీద మూడు శిఖరాల కొండ, దాని లోపల మంచు రేకు బొమ్మ ఉంటుంది. అది గుర్తు. మావాడు ఉండే క్యూబెక్ రాష్ట్రంలో డిసెంబరు 1 నుంచి మార్చి 15 వరకు అవి వేసుకోవడం చట్టం. చాలామంది రెండో సెట్ రిమ్ములే విడిగా పెట్టుకుంటారు. ఆ రెండో సెట్ తరచుగా మామూలు ఇనుప రిమ్ములే, సైజు కూడా ఒక అంగుళం చిన్నది. ఎందుకో గుర్తుపెట్టుకోండి, దీనితో మనకు పని ఉంది. సన్నటి టైరు మెత్తటి మంచును కోసుకుంటూ కిందికి దిగుతుంది, వెడల్పు టైరు పైన తేలుతుంది.

ఇక మన ఊరు. ధనుర్మాసంలో తెల్లవారుజామున గుడికి పోయేటప్పుడు కూడా మనకు 7 డిగ్రీలు ఉండవు. లంబసింగి టూరుకు పోయినా అక్కడ ఆ చలి తెల్లారే రెండు మూడు గంటలే. ఆ టైర్లు తెచ్చి మన ఎండలో తిప్పితే మెత్తటి రబ్బరు గబగబా అరిగిపోతుంది, వేడి రోడ్డు మీద బ్రేక్ కొడితే బండి ఇంకా ముందుకు పోతుంది. డబ్బులు పెట్టి ప్రమాదం కొనుక్కున్నట్టే.

మరి మన చలికాలం అంటే ఏంటి? అక్టోబరు, నవంబరు, డిసెంబరు. రాష్ట్రంలో చాలా జిల్లాలకు జూన్ నుంచి వచ్చే వానే ప్రధానం. మన నెల్లూరు జిల్లాకు మాత్రం ఈశాన్య రుతుపవనాలే దిక్కు, సంవత్సరం వానలో ఎక్కువ భాగం ఈ మూడు నెలల్లోనే పడుతుంది. తుపాన్లు కూడా అప్పుడే. అంటే మన టైరు తొమ్మిది నెలలు ఎండలో కాలి, ఆ తర్వాత మూడు నెలలు నీళ్ళలో పరీక్ష రాస్తుంది. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు కదా, రబ్బరు ఎంత! వాళ్ళకు మంచు ఎలాగో, మనకు వాన అలాగ. మనకు కావాల్సింది చలికాలం టైరు కాదు, వానకు నిలిచే టైరు.

ఇప్పుడు ఆ పాత టైరు కథ.

2021. కరోనా వల్ల వర్క్ ఫ్రమ్ హోమ్, నేను ఇక్కడే ఉండి పని చేసేవాణ్ణి. కొంచెం జీతం మిగిలింది. ఒక సెకండ్ హ్యాండ్ కారు కొన్నా. ఎక్కడ, ఎవరి దగ్గర అనేది వదిలేయండి. నేను ఇంజన్ చూశా, సర్వీస్ రికార్డు చూశా, ఏసీ చూశా, ఇన్సూరెన్సు చూశా. టైర్లు? చూశా అనుకున్నా. నల్లగా నిగనిగలాడుతున్నాయి, గీతలు లోతుగా ఉన్నాయి. పైగా ముందు ఓనరు 16 అంగుళాల అల్లాయ్‌లు వేయించాడు. అబ్బా, ఏం లుక్కు! నిజం చెప్పాలంటే ఆ అల్లాయ్‌లు చూసే కొన్నా.

నవంబరు రెండో వారం. అమ్మకు కంటి పరీక్ష ఉంది. ఆత్మకూరు మీదుగా నెల్లూరు బయల్దేరాం. వాన పడుతూనే ఉంది. సంగం దాటాం, బుచ్చి వైపు పోతున్నాం, రెండు పక్కలా మళ్ళు. స్పీడు 80 లోపే. రోడ్డు మీద ఒకచోట నీళ్ళు నిలిచి ఉన్నాయి, పెద్ద గుంట కూడా కాదు, తడి మెరుపు అంతే. అక్కడికి వచ్చేసరికి స్టీరింగు ఒక్కసారిగా తేలికైపోయింది. మీరు ఎప్పుడైనా ఫోన్ పట్టుకున్నామనుకుని చెయ్యి ఖాళీగా చూసుకున్నారా? అట్లా అనిపించింది. నేను చేసిన తప్పు, భయపడి బ్రేక్ తొక్కా. కారు అడ్డం తిరిగింది, రోడ్డు దిగింది, పొలం గట్టుకు కొట్టుకుని ఆగింది. ఎదురుగా లారీ ఏదీ రాలేదు. వచ్చి ఉంటే ఈ ఎపిసోడ్ ఉండేది కాదు.

నాకు ఏం కాలేదు. అమ్మ కుడి మణికట్టు విరిగింది. డాష్‌బోర్డుకు చెయ్యి అడ్డం పెట్టింది. ఎముక అతుక్కుంది గానీ ఇప్పటికీ ఆ చేత్తో నీళ్ళ బిందె ఎత్తలేదు. నన్ను ఒక్క మాట అనలేదు. ఆ రోజు ఆసుపత్రిలో ఒకటే అడిగింది. "ఏం నాయనా, టైర్లు కూడా చూసి కొనాలా?"

ఆ తర్వాత వారానికే పెన్నా వరద వచ్చింది. మీకు గుర్తుండే ఉంటుంది, పడుగుపాడు దగ్గర హైవే కోసుకుపోయింది, రైలు పట్టాలు కొట్టుకుపోయి చెన్నై, విజయవాడ మధ్య రైళ్ళు ఆగిపోయాయి. జిల్లా అంతా నీళ్ళలో ఉంటే నా కారు సంగతి ఎవరికి పట్టింది! వానలు తగ్గాక కారును ఎట్లాగో ఊరికి తెచ్చి, బస్టాండు దగ్గర పంక్చరు షాపు బాబాయ్‌కి చూపించా. ఆయన టైరు మీద బొటనవేలి గోరు నొక్కాడు. దిగలేదు. తర్వాత వంగి పక్కగోడ మీద నాలుగు అంకెలు చూపించాడు. "అబ్బయా, ఇది నువ్వు ఇంటర్ చదివేటప్పటి టైరు" అన్నాడు.

(టైరును కెమెరా దగ్గరికి తెచ్చి) ఇదిగో, ఇదే ఆ టైరు. ఈ నాలుగు అంకెలు చూడండి. 2214. అంటే 2014వ సంవత్సరం, 22వ వారం. నా చేతికి వచ్చేసరికి ఏడేళ్ళ రబ్బరు. గీతలున్నాయి, పట్టు లేదు. అంతకంటే ఘోరం, ఇంకో టైరు గీతలు అసలువి కావు. అరిగిపోయిన గుండు టైరును వేడి కత్తితో మళ్ళీ కోసి గీతలు పెట్టి, పైన పాలిష్ కొట్టారు. లారీ టైర్లలో కొన్నిటిని అలా కోయడానికి వీలుగా మందంగా తయారుచేస్తారు, వాటి మీద రీగ్రూవబుల్ అని రాసి ఉంటుంది. కారు టైరును అలా కోయకూడదు. కోస్తే లోపలి దారాల పొరకు రబ్బరు రక్షణ మిగలదు.

నేను సాఫ్ట్‌వేర్ వాణ్ణి. కోడ్ రాస్తే టెస్ట్ చేయకుండా ఒక్క లైను కూడా పైకి పంపించం. అమ్మను కూర్చోబెట్టే కారుకు మాత్రం టెస్ట్ చెయ్యలేదు. అందుకే ఆ రోజు నుంచి నేర్చుకున్నది ఒక టెస్ట్ లాగా చెప్తా. నాలుగు స్టెప్పులు. ఫోన్ టార్చి ఉంటే చాలు.

మొదటిది, వయసు. టైరు పక్కగోడ మీద డాట్ అనే అక్షరాల తర్వాత ఒక కోడ్ ఉంటుంది. దాని చివర, గుడ్రటి గీత లోపల, నాలుగు అంకెలు. మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం. 3523 అంటే 2023లో 35వ వారం. ఆ అంకెలు బయటి వైపు కనపడకపోతే టైరుకు లోపలి వైపు ఉంటాయి, వంగి చూడాలి. చెరిపేసినట్టు ఉంటే ఇక ఆ టైరు గురించి ఆలోచించొద్దు. చాలా కార్ల కంపెనీలు ఆరేళ్ళు దాటితే మార్చమంటాయి. పదేళ్ళు దాటింది అసలు వాడకూడదు. మన ఎండకు ఆరేళ్ళ లెక్కే మంచిది. స్టెప్నీని మర్చిపోవద్దు, అది కూడా కూర్చున్నచోటే ముసలిదవుతుంది. కొత్త టైరు కొనేటప్పుడు కూడా ఈ అంకెలు చూడండి. షాపులో రెండేళ్ళు పడి ఉన్న టైరును కొత్త రేటుకు ఎందుకు కొనాలి?

రెండోది, లోతు. కొత్త కారు టైరులో గాళ్ళ లోతు సుమారు 7, 8 మిల్లీమీటర్లు ఉంటుంది. గాడి లోపల అక్కడక్కడ చిన్న దిమ్మెలు కనపడతాయి, చూడండి, ఇదిగో. దీని ఎత్తు 1.6 మిల్లీమీటర్లు. టైరు అరిగి ఈ దిమ్మెతో సమానమైతే ఇక చట్ట ప్రకారం కూడా ఆ టైరు పని అయిపోయినట్టే. బైకులకు ఆ హద్దు 0.8. అయితే ఒక మాట. అది చట్టం పెట్టిన ఆఖరి హద్దు, వానకు సరిపోయే లోతు కాదు. వానాకాలం ముందు 3 మిల్లీమీటర్ల కంటే తక్కువ ఉంటే మార్చేయండి. టైరును కోసి గీతలు పెట్టారా అనేది కూడా ఈ దిమ్మె దగ్గరే దొరుకుతుంది. గాడి దిమ్మెను కూడా కోసుకుంటూ పోతే, అది ఫ్యాక్టరీ గాడి కాదు.

ఆ లోతు ఎందుకు కావాలో ఒక లెక్క వేద్దాం. టైరు వెడల్పు 165 మిల్లీమీటర్లు అనుకోండి. రోడ్డు మీద నీళ్ళు 3 మిల్లీమీటర్లు. బండి 80లో పోతోంది, అంటే సెకనుకు 22 మీటర్లు. ఈ మూడూ గుణించండి. ఒక్కో ముందు టైరు సెకనుకు 11 లీటర్ల నీళ్ళను పక్కకు తోసెయ్యాలి. ప్రతి సెకనుకూ దాదాపు బకెట్ నీళ్ళు! ఆ నీళ్ళు గాళ్ళలోంచే బయటికి పోవాలి. గాడి లేకపోతే నీళ్ళు ఎక్కడికి పోతాయి? టైరు కిందే ఉంటాయి, టైరు నీళ్ళ మీద ఎక్కుతుంది. ఆరోజు నా స్టీరింగు తేలికైంది అందుకే. నేను రోడ్డు మీద లేను, నీళ్ళ మీద ఉన్నా.

మూడోది, గాలి. 1960ల్లో నాసా ఇంజనీర్లు తడి రన్‌వేల మీద విమానం టైర్లతో పరీక్షలు చేసి ఒక సూత్రం కనిపెట్టారు. టైరు ఎంత వేగంలో నీళ్ళ మీద తేలుతుందనేది గాలి ఒత్తిడి వర్గమూలాన్ని బట్టి ఉంటుంది. ఆ సూత్రంలో 33 పీఎస్ఐ వేస్తే గంటకు సుమారు 95 కిలోమీటర్లు వస్తుంది, 24 వేస్తే 82 వస్తుంది. ఇది విమానం టైరు లెక్క, కారుకు ఇవే అంకెలని పట్టుకోవద్దు. గుండు టైరైతే ఇంకా ముందే తేలుతుంది. విషయం మాత్రం ఒకటే: గాలి తగ్గితే తక్కువ స్పీడులోనే తేలుతుంది. మనవాళ్ళు కొందరు వానకు గాలి తగ్గిస్తే గ్రిప్ వస్తుందంటారు. ఇసుకలో, బురదలో ట్రాక్టరుకు నిజమే. తార్రోడ్డు మీద నీళ్ళకు అది తప్పు. డ్రైవరు డోరు తీస్తే పక్కన స్టిక్కరు ఉంటుంది, దాని మీద ఎంత రాసి ఉందో అంత కొట్టించండి, నలుగురు ఎక్కితే ఎంత అనేది కూడా అక్కడే ఉంటుంది. పొద్దున్నే, బండి తిరగకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడు కొట్టించాలి.

నాలుగోది, సైజు. ఇదే నేను మోసపోయిన చోటు. టైరు మీద 165/80 ఆర్14 అని రాసి ఉంటుంది. 165 వెడల్పు మిల్లీమీటర్లలో. 80 అంటే ఆ వెడల్పులో 80 శాతం పక్కగోడ ఎత్తు, అంటే 132 మిల్లీమీటర్లు. 14 అంటే రిమ్ము అంగుళాల్లో. నా కారుకు కంపెనీ ఇచ్చింది ఈ సైజే. ముందు ఓనరు వేయించింది 195/55 ఆర్16. మొత్తం చక్రం ఎత్తు దాదాపు సమానం, అందుకే మీటరు కరెక్టుగానే చూపిస్తుంది, ఎవరికీ అనుమానం రాదు. కానీ పక్కగోడ 107 మిల్లీమీటర్లు అయిపోయింది. ఒక అంగుళం మెత్తదనం పోయింది. మన రోడ్ల మీద గుంటలో పడితే ఆ దెబ్బ నేరుగా రిమ్ముకు తగులుతుంది. ఇనుప రిమ్ము వంగుతుంది, సుత్తితో సరిచేసుకోవచ్చు. అల్లాయ్ పెద్ద దెబ్బకు పగులుతుంది. వానలో గుంట కనపడదు, నీళ్ళు నిండి రోడ్డులాగే ఉంటుంది.

ఇంకోటి, ఇందాక వేసిన లెక్కలో 165 తీసేసి 195 పెట్టండి. 11 లీటర్లు కాస్తా 13 లీటర్లు అవుతుంది. వెడల్పు టైరు ఎక్కువ నీళ్ళు తొయ్యాలి, త్వరగా తేలుతుంది. మాంట్రియల్‌లో మావాడు చలికాలానికి సన్న టైరు ఎందుకు వేశాడో ఇప్పుడు అర్థమైందా? పొడి రోడ్డు మీద వెడల్పు టైరుకు లాభం ఉంది, కాదనను. కానీ మీ కారు మాన్యువల్‌లో ఏ సైజులు రాశారో వాటిని దాటి పోవద్దు. టైరు మీద సైజు పక్కన ఇంకో అంకె, అక్షరం ఉంటాయి, 85టీ లాగా. 85 అంటే ఒక్క టైరు 515 కిలోలు మోస్తుంది. టీ అంటే 190 కిలోమీటర్ల వేగం వరకు తట్టుకుంటుంది. కంపెనీ ఇచ్చినదాని కంటే ఇవి తగ్గకూడదు. పెళ్ళికి ఏడుగురు ఎక్కే కార్లు మనవి, లోడు సంగతి నేను చెప్పక్కర్లేదు.

ఇక కొనే విషయం. బ్రాండు ఏది మంచిదన్నా అని అడుగుతారు. నేను బ్రాండు చెప్పను, ఎవరి దగ్గరా డబ్బులు తీసుకోలేదు, తీసుకోను. పేరున్న కంపెనీలు అన్నీ ఐఎస్ఐ మార్కుతోనే అమ్ముతాయి, మన రాష్ట్రంలోనే పెద్ద టైరు ఫ్యాక్టరీలు ఉన్నాయి. 2022లో కేంద్ర రోడ్డు రవాణా శాఖ కార్లు, బస్సులు, లారీల టైర్లకు తడి రోడ్డు మీద పట్టు పరీక్షను కూడా నియమాల్లో చేర్చింది. అందుకని షాపులో "ఎన్ని కిలోమీటర్లు వస్తుంది?" అని మాత్రమే అడగొద్దు. "తడి రోడ్డు మీద ఎట్లా ఉంటుంది?" అని కూడా అడగండి. ఎక్కువ కిలోమీటర్లు రావాలంటే రబ్బరు గట్టిగా ఉండాలి, తడిలో పట్టు కావాలంటే మెత్తగా ఉండాలి. రెండూ పూర్తిగా ఒకే టైరులో రావడం కష్టం. ఇంకో మంచి మాట, 2025 సెప్టెంబరు 22 నుంచి కొత్త టైర్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది, ట్రాక్టరు టైర్ల మీద 18 నుంచి 5కి. బిల్లు అడిగి తీసుకోండి, అందులో తగ్గిందో లేదో చూసుకోండి.

నాలుగూ ఒకేసారి మార్చే డబ్బులు లేవన్నా అంటే, అర్థమవుతుంది. నేనూ అప్పుడు రెండే మార్చా. రెండు కొంటే కొత్తవి ఎక్కడ వేయాలి? ముందు చక్రాలే తిరుగుతాయి, స్టీరింగు ముందే ఉంది, కాబట్టి ముందు అంటారు చాలామంది. టైరు కంపెనీలు చెప్పేది వెనక. ఎందుకంటే తడి రోడ్డు మీద ముందు పట్టు పోతే కారు నేరుగా పోతుంది, యాక్సిలేటర్ వదిలితే మళ్ళీ చేతికి వస్తుంది. వెనక పట్టు పోతే కారు బొంగరంలా తిరుగుతుంది, మామూలు డ్రైవరు దాన్ని ఆపలేడు. నా కారు అడ్డం తిరిగింది కూడా వెనకే. ఆ కోసిన టైరు వెనక కుడి చక్రం. అయితే ముందు రెండూ గుండు అయి ఉంటే ఈ మాట చెల్లదు. అప్పుడు నాలుగూ మార్చాల్సిందే, లేదా మార్చేదాకా వానలో బండి తియ్యకూడదు.

బైకు ఉన్నవాళ్ళు, ఇప్పటిదాకా ఓపికగా విన్నారు, మీ వంతు వచ్చింది. వయసు, లోతు, గాలి, సైజు, నాలుగూ మీకూ అంతే. బైకు వెనక టైరును లావుది వేయించొద్దు, ఆ రిమ్ముకు అది సరిగ్గా కూర్చోదు, అంచులు ముడుచుకుని టైరు ఆకారం మారిపోతుంది, మలుపులో జారుతుంది. చాలామంది వెనకది మారుస్తారు, ముందుది గుండు అయినా వదిలేస్తారు. బైకు ఆగేది ఎక్కువగా ముందు చక్రం మీదే. మొదటి వాన రోజు ఇంకా జాగ్రత్త. నెలల తరబడి రోడ్డు మీద పడ్డ ఆయిలు, దుమ్ము మొదటి చినుకులకు జిగురులాగా తయారవుతాయి. మన దగ్గర ఇంకోటి ఉంది. దమ్ము చేసిన ట్రాక్టరు పొలంలోంచి రోడ్డెక్కితే బురద పెళ్ళలు పెళ్ళలుగా పడుతుంది. దాని మీద ఏ టైరూ నిలవదు, ముందే చూసి స్లో చెయ్యడమే.

ఏబీఎస్ ఉందిగా అంటారు. ఏబీఎస్ చక్రం బిగుసుకుపోకుండా చూస్తుంది. లేని పట్టును పుట్టించలేదు. ఒక లెక్క చూడండి. 60లో పోతున్నారు. పొడి రోడ్డు మీద పట్టు 0.7 అనుకుంటే బ్రేక్ వేశాక 20 మీటర్లలో ఆగుతారు. తడి రోడ్డు, మంచి టైరు, 0.5 అనుకుంటే 28 మీటర్లు. తడి రోడ్డు, గుండు టైరు, 0.3 అనుకుంటే 47 మీటర్లు. ఈ పట్టు అంకెలు నేను ఉదాహరణకు తీసుకున్నవి, ఫార్ములా మాత్రం ఇంటర్ ఫిజిక్స్‌దే. మీరు గేదెను చూసి కాలు బ్రేక్ మీదికి పోయే ఒక్క సెకనులో ఇంకో 17 మీటర్లు పోతారు. అది వీటికి కలుపుకోండి. గేదె 50 మీటర్ల దూరంలో ఉంటే మంచి టైరు ఆగుతుంది, గుండు టైరు ఆగదు. తేడా అంతే.

ఒకవేళ నాకు జరిగినట్టే స్టీరింగు తేలికైపోతే ఏం చెయ్యాలి? బ్రేక్ తొక్కొద్దు. స్టీరింగు తిప్పొద్దు, నేరుగా పట్టుకోండి. యాక్సిలేటర్ మీద కాలు మెల్లగా తీయండి. రెండు మూడు సెకన్లలో టైరు మళ్ళీ రోడ్డును అందుకుంటుంది. ఆ రెండు మూడు సెకన్లు చాలా పొడుగ్గా ఉంటాయి, నాకు తెలుసు.

ఇంకొక్కటి, ఇది టైరుతో సంబంధం లేనిది, కానీ చెప్పకుండా ముగించలేను. మన వైపు వాగులు ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు. బొగ్గేరు, బీరాపేరు, పేరు లేనివి ఇంకెన్నో. చప్టా మీద నీళ్ళు పారుతుంటే ఎంత కొత్త టైరైనా దిగొద్దు. అమెరికా వాతావరణ శాఖ వాళ్ళు చెప్పే లెక్క: వేగంగా పారే నీళ్ళు 6 అంగుళాలుంటే మనిషి పడిపోతాడు, 12 అంగుళాలుంటే చిన్న కారు కొట్టుకుపోతుంది. మోకాలి లోతే కదా అనే మాట మన ఊళ్ళల్లో ఎంతమందిని తీసుకుపోయిందో నేను చెప్పక్కర్లేదు. అరగంట ఆగండి, లేదా వెనక్కి తిరగండి. ఇంట్లో వాళ్ళు తిడితే తిట్టించుకోండి.

సరే, ముగిస్తున్నా. ఆ అల్లాయ్‌లు అమ్మేశా. కంపెనీ ఇచ్చే 14 అంగుళాల ఇనుప రిమ్ములు, మామూలు టైర్లు వేయించా. కారు ఇప్పుడు అందంగా లేదు. ఫ్రెండ్సు "ట్యాక్సీలాగా ఉందిరా" అంటారు. అననీ. దసరా అయిపోగానే ఏటా ఒక పొద్దున ఈ నాలుగు స్టెప్పులు చేస్తా, మావాడు మాంట్రియల్‌లో చక్రాలు మార్చుకుంటున్నట్టే.

మీకు ఒకటే పని చెప్తా. ఈ వీడియో అయిపోగానే లేచి బయటికి పోండి. ఫోన్ టార్చి వేసి మీ ఇంట్లో ఉన్న ప్రతి బండి టైరు మీద ఆ నాలుగు అంకెలు ఫోటో తీయండి. మీ బండిది తర్వాత, ముందు నాన్న బండిది తీయండి. ఎందుకంటే ఆయన తనది మార్చుకోడు, మీ ఫీజులు, మీ ఫోను ఈఎంఐ అయ్యాక చూద్దాంలే అనుకుంటూ ఉంటాడు. నేను మా నాన్న బైకుది చూసినప్పుడు అది తొమ్మిదేళ్ళ టైరు. దాని మీదే రోజూ కలిగిరి పొగాకు వేలం కేంద్రానికి పోయి వచ్చేవాడు.

అమ్మ ఇప్పుడు కారెక్కే ముందు ఒక చుట్టు తిరిగి వస్తుంది. చీర కొంగు పట్టుకుని నాలుగు టైర్లూ చూస్తుంది. ఆమెకు ఏం తెలుస్తుందో నాకు తెలీదు. అప్పుడు అడుగుతుంది, "గాలి చూశావా నాయనా?" అని. చూశానమ్మా అంటేనే ఎక్కుతుంది.

మీరు ఫోటో తీశాక ఏ సంవత్సరం వచ్చిందో నాకు పంపించండి. అందరికంటే ముసలి టైరు ఎవరిదో వచ్చే ఎపిసోడ్‌లో చెప్తా, పేరు చెప్పను, పరువు తియ్యను. జాగ్రత్తగా నడపండి. ఉంటా మరి.